అప్‌డేట్: కుండీలో కరివేపాకు పసుపెక్కింది అన్నాను కదా, కారణం దొరికింది

నల్గొండలో మా డాబా మీది కరివేపాకుకు కొత్త చిగుళ్లు పసుపెక్కుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయని రెండు నెలల కింద ఇక్కడ అడిగాను. చెట్టు బాగైంది, అందరికీ థాంక్స్.

ఫొటోలు చూసిన వ్యవసాయ అధికారి ఇనుము లోపం అన్నారు. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. దాంతో మట్టి క్షారంగా మారి, ఇనుము ఉన్నా వేళ్లకు అందదట. మీలో ఒకరు చెప్పిన అన్నభేదే (ఇనుము ఉండే ఉప్పు, ఫెర్రస్ సల్ఫేట్) పనిచేసింది: లీటరు నీటికి 5 గ్రాములు, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, వారానికోసారి సాయంత్రం పూట మూడుసార్లు ఆకుల మీద కొట్టాను. పాత ఆకులు అలాగే ఉన్నాయి, కొత్త ఇగురు మాత్రం ముదురు పచ్చగా వచ్చింది. ఇప్పుడు నల్లా నీళ్లే పోస్తున్నాను.

కొందరు చెప్పిన వేపనూనె, కుండీ మార్చడం అవసరమే పడలేదు. మా నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేమో అని పడ్డ టెన్షన్ కూడా వృథా. మందు పడిన ఆకు వంటకు వాడలేదు. నిన్న పప్పు పోపులో కొత్త ఆకు వేస్తే ఇల్లంతా వాసన!