డార్సీ ఇంకా ఎందుకు నచ్చుతాడు? రెండు గంటల్లో ఏం చదవాలి?

పర్లాకిమిడి నుంచి: ఇక్కడ తెలుగువాళ్లం పదిమందిమి ఆదివారాలు కూర్చుని చదువుతాం. ఈసారి జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ (1813), డార్సీ, ఎలిజబెత్‌ల కథ. మొత్తం 61 అధ్యాయాలు. ఏవి తీసుకోవాలి?

రాయగడ నుంచి: 3, 34, 35, 43, 52, 58 చాలండి. సగం టైము 34, 35లకే ఇవ్వండి. డార్సీ పెళ్లి చేసుకోమని అడగడానికి వచ్చి, ఎలిజబెత్ చుట్టాల తక్కువతనం ఏకరువు పెడతాడు. ఆమె కాదు పొమ్మంటుంది. మర్నాడు ఉత్తరం చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. అందులో బతిమాలడం ఉండదు. తన మీద లేనిపోనివి చెప్పిన విక్‌హమ్ సంగతి, ఎలిజబెత్ అక్క జేన్ సంగతి లెక్క అప్పజెప్పినట్టు రాస్తాడు. తర్వాత ఎలిజబెత్ చెల్లెల్ని లేవదీసుకుపోయిన ఆ విక్‌హమ్ అప్పులు తీర్చింది డార్సీయేనని 52లో ఎలిజబెత్ అత్త రాసిన ఉత్తరంలో బయటపడుతుంది. తను చెప్పుకోడు. అసలు ఆకర్షణ అదీ, ఏడాదికి పదివేల పౌన్లు కాదు. (అదీ కాస్త ఉందనుకోండి.)

గుణుపురం నుంచి: సినిమా ముందు చూపించకండి. మొదటి సీనులోనే అందగాడైపోతాడు, ఇక ఆమె కోపం ఎవరికీ ఎక్కదు.

జయపురం నుంచి: ‘వదరింగ్ హైట్స్’ నవలలో హీత్‌క్లిఫ్‌ని మాత్రం డార్సీ వరసలో కూర్చోబెట్టకండి మాస్టారూ. తను పెళ్లాడబోయే ఇసబెల్లా కుక్కపిల్లకి ఉరి బిగించిన మనిషి! ‘జేన్ ఐర్’ (1847) నవలలో రోచెస్టర్ పరవాలేదు. పెళ్లాన్ని దాచి మోసం చేశాడని తెలియగానే ఆ నవల నాయిక జేన్ వెళ్లిపోతుంది. తిరిగొచ్చేసరికి అతనికి చూపు లేదు, ఒక చెయ్యి లేదు. ఆమెకి సొంతంగా 5,000 పౌన్లున్నాయి.

పర్లాకిమిడి నుంచి: 52 మొత్తం చదవాలా?

రాయగడ నుంచి: అత్త ఉత్తరం వరకు చాలు.