అప్‌డేట్: నల్లగొండ నుంచి స్నోబోర్డింగ్ పత్రిక, వేసేశాను

కశ్మీర్ గుల్మార్గ్‌లో స్నోబోర్డింగ్, అంటే ఒకే పలక మీద నిలబడి మంచులో జారే ఆట నేర్చుకొచ్చాను, తెలుగులో సొంతంగా దాని మీద పత్రిక పెడితే ఎవరైనా కొంటారా అని పోయినేడు అడిగాను, గుర్తుందా? సగం మంది "ముందు మంచు చూపించన్నా" అన్నారు. సరే, 300 కాపీలు వేశా.

గడియారం సెంటర్ దగ్గరి ప్రెస్‌లో "పత్రిక వేయాలన్నా" అనగానే ఆయన "లగ్గమెప్పుడు తమ్మీ" అంటూ కార్డుల ఆల్బమ్ ముందు పెట్టాడు. నేను 30 పేజీలు రాసుకుపోతే, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి లెక్కన ఉండాలని ఆయనే చెప్పాడు, దాంతో మిగిలిన రెండు పేజీల్లో 1965లో అమెరికాలో షెర్మన్ పాపెన్ తన కూతుళ్ల కోసం రెండు స్కీలు (మంచు మీద జారే సన్నటి పలకలు) కలిపి బిగించి, స్నోబోర్డుకు తొలిరూపమైన స్నర్ఫర్ తయారుచేసిన కథ వేశా. తమాషా ఏంటంటే, చదివినవాళ్లందరికీ నచ్చింది అదే.

పత్రిక రిజిస్ట్రేషన్ గురించి అడిగినవాళ్లకు: 1867 నాటి పత్రికల చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్తది అమల్లోకి వచ్చింది, దరఖాస్తు ప్రెస్ సేవా పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. పత్రిక పేరు మాత్రం ఒక్కటే అనుకుని కూర్చోకండి, నాలుగైదు రాసి పెట్టుకోండి.

తప్పు కూడా చెప్పాలి. డబ్బులు మిగులుతాయని చవక కాగితం నేనే ఎంచుకున్నా, ఫొటోల్లో గుల్మార్గ్ మంచు అంతా పసుపు నీళ్లు చల్లినట్టు వచ్చింది. ప్రెస్ ఆయన ముందే వద్దన్నాడు, వినలేదు.

ఇప్పటికి 112 అమ్ముడుపోయాయి, ఎక్కువ హైదరాబాద్ ట్రెక్కింగ్ వాళ్లకే. మిగతావి అమ్మ బియ్యం డ్రమ్ము మీద పేర్చింది. ఉత్తరాఖండ్ మంచు కొండల్లోని ఔలి వెళ్లొచ్చినవాళ్లుంటే చెప్పండి, రెండో సంచికకు రాయించుకుంటా, ఈసారి మంచి కాగితం మీదే.