జంకింది అనాలా, ఉలిక్కిపడింది అనాలా?

తెలిసినాయన కథ రాసి, అచ్చుకు పంపేముందు ఓసారి చూడమన్నారు. అందులో "తలుపు ధడాల్న కొట్టుకోగానే ఆమె జంకింది" అని ఉంది. ఈ మాట ఇక్కడ అతకదండీ అన్నాను. "నిఘంటువులో జంకు అంటే భయమనే ఉంది కదా" అన్నారు. ఉంది, కాదనను. కానీ తలుపు చప్పుడుకు మనిషి ఉలిక్కిపడుతుంది. జంకడానికి అంత వ్యవధి ఎక్కడిది?

జంకాలంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటి ఉండాలి. అడుగు వేయబోయి, ఏమవుతుందోనని వెనక్కి తీసుకోవాలి. అందుకే "అడగడానికి జంకుతున్నాడు", "ఎదురు చెప్పడానికి జంకలేదు" అంటాం. "నిద్రలో ఉలిక్కిపడ్డాడు" అంటాం గానీ "నిద్రలో జంకాడు" అనం.

ఏనుగు లక్ష్మణకవి పద్యంలో "ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై" అని ఉంది కదా. ఆ 'సంత్రస్తులై'కి భయపడి అని అర్థం చెప్పేసి ముందుకు వెళ్లిపోతాం. నన్నడిగితే జంకి అంటాను. ఇంకా పనే మొదలుకాలేదు, ఆటంకం ఎదురే కాలేదు!

బెదరడం వేరు. మా తాత దగ్గర ఒక కోడె ఉండేది. దారిలో కల్వర్టు గోడకు కొత్తగా సున్నం కొడితే చాలు, నాలుగు కాళ్లూ బిగించి నిలబడిపోయేది. చెవులు నిక్కబొడుచుకుని, బుస్సుమంటూ పక్కకు లాగేది. కాడి వంకర తిరిగి, బండి చక్రం రోడ్డు అంచుకు వచ్చేసేది. "బెదురుగొడ్డురా ఇది, నువ్వు దిగు" అని నన్ను దింపి, భుజం మీది కండువా దాని కళ్లకు అడ్డం పట్టి నడిపించేవాడు. కోడె జంకిందని ఆయన ఎన్నడూ అనలేదు. కంటికో చెవికో ఏదో తగలగానే ఒళ్లు పక్కకు గుంజుకుంటుంది, అది బెదురు. మనుషుల్లోనూ బెదురు చూపులంటే అదే కదా. దీన్నుంచి వచ్చిన 'బెదిరించు' ఇప్పటికీ రోజూ వాడుకలో ఉంది. పాత కావ్యాల్లో 'జంకించు' కూడా ఉండేది, అదే అర్థంలో. పాపం, అది పోయింది.

ఇక "జంకూ గొంకూ లేకుండా" దగ్గరికి వద్దాం. ఈ గొంకు ఎక్కడిదని ఎవరో అడిగారు. అది అసలు కొంకు, అంటే వెనకాడడం. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు, కూర, కాయ కలిస్తే కూరగాయలు అయినట్టే జంకు, కొంకు కలిసి జంకుగొంకులు అయ్యాయి. తమాషా ఏమిటంటే, "తల్లీ దండ్రీ" అని ఎవరం అనం, జంటను విడదీస్తే మళ్లీ తండ్రే. గొంకు మాత్రం విడిపోయాక కూడా గొంకుగానే ఉండిపోయింది.

జంకితే అడుగు వెనక్కి పడుతుందన్నాను కదా, పత్రికల్లో కనిపించే 'వెనుకంజ'లో ఉన్న అంజకు అర్థం కూడా అడుగే. ముందంజలోనూ అదే.

ఆ కథాయన చివరికి "ఉలిక్కిపడింది" అని దిద్దుకున్నారు. ఆ కింది పేజీలో మాత్రం ఆమె తలుపు తీయడానికి జంకింది. అది అలాగే ఉంచమన్నాను.

పిల్లలు రాత్రిపూట భయపడి ఏడిస్తే మా వైపు జడుసుకున్నాడు అంటారు, కొన్నిచోట్ల దడుచుకున్నాడు అంటారు. మీ దగ్గర ఏ మాట వాడతారు? గొడ్డు బెదిరితే కూడా అదే మాటా, లేక దానికి వేరే ఉందా?