బస్తీ పిల్లలకు పని వొస్తది, ఇంటర్వ్యూల నోట్లకెళ్ళి మాట రాదు. ఎట్ల సాయం జెయ్యాలె?

అడ్డగుట్ట వైర్‌మన్:

అందరికి నమస్తే. జర పొడుగుంటది, ఓపికతోని చదవండి. నేను ఎలక్ట్రికల్ పని జేస్త, ఉండేది సికింద్రాబాద్ అడ్డగుట్టల. రెండేండ్ల సంది నేను, ఇంకో ఇద్దరు దోస్తులం గల్సి మా కమ్యూనిటీ హాల్ల సాయంత్రం 7 నుంచి 9 దాంక పిల్లలను కూసోబెడ్తున్నం. 17 నుంచి 23 ఏండ్ల లోపోళ్ళు, ఇరవై మంది దాంక వొస్తరు. పది ఫెయిలైనోళ్ళు, ఇంటర్ మధ్యల ఆపేసినోళ్ళు, ఇద్దరు ఐటీఐ అయినోళ్ళు. అమ్మలు ఇండ్లల్ల పనికి పోతరు, నాయినలు మోండా మార్కెట్ల హమాలీ, లేకుంటే ఆటో, సెంట్రింగ్. ఒక పాత కంప్యూటర్ వెట్టినం, తెలిసిన టీచరమ్మ ఆదివారం వొచ్చి ఇంగ్లీష్ చెప్తది.

పోయిన నెల ఐదుగురిని అమీర్‌పేట దిక్కు ఒక పెద్ద షోరూంకు ఇంటర్వ్యూకు తోల్కపోయిన. అద్దాల డోర్ కాడికి పోంగనే సెక్యూరిటీ ఆయన ఆపి ఎక్కడికి అన్నడు, ఇంటర్వ్యూకు అంటే ఎనక గేట్ నుంచి పొమ్మన్నడు. సామాన్లు దించే జాగల నుంచి లోపటికి పోయిండ్రు పిల్లలు. ఆడ్నే సగం సల్లబడ్డరు. అండ్ల ఒక పిలగాడున్నడు, మా బస్తీల ఏ ఫోన్ ఖరాబైనా వాని చేతికే ఇస్తరు, డిస్‌ప్లే మారుస్తడు, ఛార్జింగ్ పిన్ మారుస్తడు, ఎవ్వల కాడ నేర్సుకోలే, వీడియోలు జూసే నేర్సిండు. వాన్ని నీ గురించి చెప్పు అని అడిగిండ్రంట. పేరు చెప్పి ఆగిపోయిండు. రెండు నిమిషాలు అట్లనే కూసుండి లేషొచ్చిండు. గప్పటిసంది హాల్‌కు వొస్తలేడు, నేను ఎదురైతే గల్లీ మార్చి పోతున్నడు, నాకు మస్తు బాధైతుంది.

ఇంకో ఆడపిల్ల, రాయదుర్గం మెట్రో కాడ ఒక ఆఫీసుల డేటా ఎంట్రీ నౌకరి వొచ్చింది, మేమందరం స్వీట్లు పంచుకున్నం. 22 రోజులకు మానేసింది. ఎందుకమ్మా అంటే ఆడ అందరొక లెక్క, నేనొక లెక్క అన్నా అన్నది, ఇంకేం చెప్పలే.

మోటివేషన్ స్పీచ్ ఇచ్చేటాయనను గూడ ఒకసారి పిలిపించినం, మంచిగనే మాట్లాడిండు, పిల్లలు సప్పట్లు గొట్టిండ్రు, తెల్లారి మళ్ళ అంతే. ధైర్యం అనేది ఎట్లొస్తది వీళ్ళకు? ఇంటర్వ్యూ తీసుకునేటోళ్ళు, ఇట్లాంటి బస్తీలకెళ్ళి వొచ్చి నౌకరీ జేస్తున్నోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పండి. సిటీల నిజంగ పనికొచ్చే ఫ్రీ ట్రైనింగ్‌లు ఏమున్నయో గూడ చెప్పండి.

---

ఫ్లోర్ మేనేజర్:

అన్నా, నేను రిటైల్ల 11 ఏండ్ల సంది ఉన్న, కొత్త పిల్లలను తీసుకునేది నేనే. ఫస్ట్ ఆ ఎనక గేట్ ముచ్చట సదివి మనసు మంచిగ అనిపియ్యలే. చానా తాన ఉన్న అలవాటే అది, గానీ ఆ వయసు పిల్లలకు అది ఎంత దెబ్బనో మాకు సోయి ఉండాలె.

నీ గురించి చెప్పు అనే ప్రశ్న ఈ పిల్లలకు అన్నిట్లకంటే కష్టమైనది. ఎందుకంటే పుట్టినకాంచి వాళ్ళను ఎవ్వరూ ఆ మాట అడిగి ఉండరు. ఇంట్ల అడగరు, బడిల అడగరు. ఒక్కసారే ఏసీ రూంల బూట్లేసుకున్నోడు అడిగితే ఏం చెప్తరు? నేను ఆ ప్రశ్న బంద్ జేసి మూడేండ్లైంది. ఇప్పుడు నేను అడిగేది, నిన్న పొద్దుగాల లేషిన కాంచి ఏం జేసినవ్ చెప్పు అని. ఒక పిలగాడు ఏం ఎక్స్‌పీరియన్స్ లేదు సార్ అన్నడు. నిన్నటి రోజు చెప్పమన్న. పొద్దుగాల 4 గంటలకు అమ్మతోని బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి టమాటలు బేరం జేసి ఆటోల ఏసుకొచ్చి, 8 దాంక బండి కాడ నిలబడి, ఉద్దెర లెక్క బుక్కుల రాసి అప్పుడు వొచ్చిన అన్నడు. ఇగ ఇంకేం ఎక్స్‌పీరియన్స్ గావాలె నాకు? బేరం దెల్సు, లెక్క దెల్సు, పొద్దుగాల లేస్తడు, కస్టమర్‌తోని కొట్లాడకుండ మాట్లాడ్తడు. ఇప్పుడు వాడు మా తాన బిల్లింగ్ జూస్తడు.

మీ పిల్లల రెజ్యూమెలు ఒకసారి తీసి సూడండి. నెట్ సెంటర్ల చేపిస్తే అన్నీ ఒకటే తీరుగ ఉంటయి, పైన అర్థంగాని ఇంగ్లీష్ల కెరీర్ ఆబ్జెక్టివ్ అని నాలుగు లైన్లు. అది వాళ్ళకే సదవరాదు, మేం దాని మీదనే అడిగితే ఇగ భయపడ్తరు. అది కొట్టేసి వాళ్ళు జేసిన పని రాపియ్యండి. ఫోన్ల పిలగానికైతే ఎన్ని ఫోన్లు, ఏమేం రిపేర్లు, సామాన్ ఎక్కడికెళ్ళి తెస్తడు, అంతే. ఇంగ్లీష్ గురించి మరీ పరేషాన్ గావొద్దు, హైదరాబాద్ల ఫ్లోర్ మీద తెలుగు, హిందీ రెండు మంచిగొస్తే ముప్పాతిక పని అయితది, బస్తీ పిల్లలకు రెండూ గల్లీలనే వొస్తయి, అది వాళ్ళ బలం అని ఎవ్వరూ వాళ్ళకు చెప్పలే.

ఇంకోటి, వారం మధ్యల పొద్దుగాల 11 కు మా షోరూం ఖాళీగుంటది. నౌకరి కోసం కాదు, ఊకెనే తోల్కరా అన్నా. గంటసేపు నిలబడి సూడనియ్యి.

---

జగద్గిరిగుట్ట అమ్మాయి:

అన్నా ఆ 22 రోజుల చెల్లె గురించి నేను చెప్తా, ఎందుకంటే అది నేనే అనిపించింది సదువుతుంటే. నాకిప్పుడు 24, ఒక హాస్పిటల్ల బిల్లింగ్ల పనిచేస్తున్న. నా ఫస్ట్ నౌకరి నేను గూడ ఒక నెలల వదిలేసిన.

పని రాక కాదు. పని వారంల వొచ్చేసింది. మధ్యాహ్నం అందరు కలిసి ఫోన్ల ఆర్డర్ పెట్టుకుంటరు, తలా ఇంత అని పైసలేసుకుంటరు. నా డబ్బాల పచ్చిపులుసు, అన్నం. మెట్ల మీద కూసొని తినేదాన్ని, ఉపవాసం అని చెప్పేదాన్ని. కార్డ్ ఎట్ల చూపిస్తే డోర్ తీస్తదో తెల్వక ఎవరన్న వొచ్చేదాంక పక్కకు నిలబడేదాన్ని. మెయిల్ల సీసీ పెట్టమంటే ఏందో సమజ్ కాలే, అడిగితే నవ్వుతరేమో అని అడగలే. ఇవి చిన్న చిన్నవి అన్నా, గానీ రోజుకు ఇట్లాంటివి పది అయితే సాయంత్రానికి మనిషి సగం అయితది.

ఇగ పైసల సంగతి. నౌకరిల చేరినంక మొదటి జీతం చేతికొచ్చేటాలకు 35, 40 రోజులు అయితది. అప్పటిదాంక బస్సు, తిండి, ఒక జత బట్టలు, బూట్లు, అన్నీ అప్పే. ఇంట్ల అమ్మేమో నాతోని ఇండ్లల్ల పనికొస్తే నెలకు ఇంత వొస్తది, ఆడికి పోయి అప్పులైతున్నవి అంటది, ఆమె తప్పుగూడ కాదు. ఆడోళ్ళకు 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల ఫ్రీ అయింది కాబట్టి ఆ ఖర్చన్న తగ్గింది, మా చెల్లె నౌకరి నిలబడ్డదంటే అది గూడ ఒక కారణమే. మగపిల్లలకు ఇంకా ఆ ఇబ్బంది ఉన్నది.

నాకు రెండో నౌకరిల ఒక సీనియర్ అక్క దొరికింది. రోజు రాత్రి 9 కి ఫోన్ జేసి ఈరోజు ఏం సమజ్ కాలే చెప్పు అని అడిగేది. నెల రోజులు జేసింది. ఒక్కసారి గూడ నవ్వలే. నేను నిలబడ్డది ఆ ఫోన్ వల్లనే. మీరు గూడ నౌకరి వొచ్చిన రోజు స్వీట్లు పంచి ఆగిపోకండి, అసలు పని ఆ రోజే మొదలైతది. ఒక్కో పిల్లకు ఒక మనిషిని పెట్టండి, నెల రోజులు ఫోన్ చేసేటందుకు. ఇంక హాల్ తరఫున ఒక డబ్బాల కొన్ని పైసలు జమజేసి, మొదటి నెలకు 2,000, 3,000 చేబదులు ఇచ్చి జీతం వొచ్చినంక నెలకింత తీసుకోండి. ఫ్రీగ ఇయ్యొద్దు, చేబదులే మంచిగుంటది, తిరిగిచ్చేటప్పుడు నాకు ఎంత గర్వం అనిపించిందో నాకే తెల్సు. ఆ చెల్లె నంబర్ మీ తాన ఉంటది గదా, ఆమె ఒప్పుకుంటే నాకు మెసేజ్ పెట్టండి, నేను మాట్లాడ్త.

---

ప్లేస్‌మెంట్ మాస్టారు:

నమస్కారమండి. మాది గుంటూరు దగ్గర, హైదరాబాద్ వచ్చి ఇరవయ్యేళ్ళు, అందులో తొమ్మిదేళ్ళు ఒక శిక్షణ సెంటర్లో పిల్లల్ని ఉద్యోగాల్లో చేర్పించే పనే చేశాను. మీరు ఫ్రీ ట్రైనింగ్‌ల గురించి అడిగారు కదా, నాకు బాగా తెలిసినవే చెప్తాను.

ముందు పది ఫెయిలైన వాళ్ళ సంగతి చూడండి, ఎందుకంటే పది లేకపోతే సగం తలుపులు మూసుకుపోతాయి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో పది పరీక్షకి కట్టించండి, 14 ఏళ్ళు దాటిన వాళ్ళెవరైనా రాయొచ్చు, పనికి వెళ్తూ కూడా చదువుకోవచ్చు. చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్ళకి కొండాపూర్లో హైటెక్స్ పక్కన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, 1998 నుంచి నడుస్తోంది, ఎలక్ట్రీషియన్, ప్లంబింగ్, తాపీపని లాంటివి నేర్పిస్తారు. బాలానగర్లో సీఐటీడీ, అంటే టూల్ డిజైన్ సంస్థ, 1968 నాటిది, మెషిన్ పనుల్లో దానికి చాలా మంచి పేరు. సెట్విన్ అంటే మనవాళ్ళకి చిన్న బస్సులే గుర్తొస్తాయి గానీ అది 1978లో జంట నగరాల నిరుద్యోగ యువత కోసమే పెట్టిన సంస్థ, తక్కువ ఫీజుతో కంప్యూటర్, కుట్టుపని, ఏసీ రిపేర్ లాంటివి నేర్పిస్తారు. మల్లేపల్లి ఐటీఐ తెలుసుగా, 2024లో ప్రభుత్వం ఐటీఐల్ని కొత్త మెషిన్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది అక్కడే. మీ ఐటీఐ పిల్లలిద్దరినీ ఖాళీగా ఉంచకండి, అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో పేరు పెట్టించండి, 1961 చట్టం ప్రకారం స్టైపెండ్ ఇచ్చి నేర్పించాల్సిందే.

డీడీయూ జీకేవై, అంటే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అని 2014లో వచ్చిన కేంద్ర శిక్షణ పథకం ఉంది, 15 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకి భోజనం, హాస్టల్‌తో సహా ఉచితం, కానీ అది గ్రామీణ కుటుంబాలకి మాత్రమే. ఒక్క విషయం కనుక్కోండి, బస్తీల్లో చాలామందికి రేషన్ కార్డు, ఆధార్ ఇంకా ఊరి అడ్రస్ మీదే ఉంటాయి, నిజంగా కుటుంబం ఊళ్ళోనే ఉండి పిల్లాడొక్కడే ఇక్కడ బంధువుల ఇంట్లో ఉంటుంటే అడిగి చూడొచ్చు.

ఏ సెంటర్‌కి వెళ్ళినా ఎంతమందికి ఉద్యోగాలిచ్చారు అని అడక్కండి. పోయిన బ్యాచ్‌లో మూడు నెలల తర్వాత ఇంకా ఎంతమంది పనిలో ఉన్నారు, వాళ్ళలో ఇద్దరితో మాట్లాడించండి అని అడగండి. నేను పనిచేసిన చోట కూడా ఆఫర్ లెటర్ ఇచ్చి ఎక్కడో వేరే రాష్ట్రానికి రైలెక్కించేవాళ్ళు, పది రోజుల్లో పిల్లలు ఏడుస్తూ తిరిగొచ్చేవాళ్ళు, కాగితం మీద మాత్రం ప్లేస్‌మెంట్ అయినట్టే. ఆ బాధతోనే నేను మానేశాను. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయమని చెప్పండి. జీతం చీటీ చదవడం కూడా హాల్లోనే నేర్పండి, నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, వర్తించే సంస్థలో కార్డు ఇవ్వాలి, పీఎఫ్ కోస్తుంటే యూఏఎన్, అంటే మన పేరు మీద ఉండే పీఎఫ్ నంబర్, అడిగి తీసుకోవాలి. అది అడిగిన రోజు పిల్లల గొంతే మారిపోతుందండి.

మాక్ ఇంటర్వ్యూ చేస్తే మీరు ప్రశ్నలు వేయకండి. పిల్లల్ని ఆఫీసర్ కుర్చీలో కూర్చోబెట్టి మీరు ఎదురుగా కూర్చోండి. రెండో వారానికి ఆ కుర్చీ భయం చాలా తగ్గుతుంది. హాలు తాళం, హాజరు పుస్తకం, ఆ చేబదులు డబ్బాల లెక్క కూడా వాళ్ళకే ఇచ్చేయండి.

---

బాలానగర్ లేత్:

నాకు టైప్ జేసుడు ఎక్కువ రాదు. చిన్న వర్క్‌షాప్ ఉన్నది, 8 మంది పనిజేస్తరు. అందరు పిల్లలను మాల్‌లకు, ఆఫీసులకే తోల్తున్నరు, మాకు లేత్ మీద నిలబడే పిలగాడు దొరుకుతలేడు. నూనె చేతులు అంటే నామోషీ అనుకుంటున్నరు, ఆ నామోషీ మన పెద్దోళ్ళమే పెట్టినం. నా తాన ఒకడు నోట్లకెళ్ళి మాట రానోడు వొచ్చిండు, ఏడాది పని నేర్సినంక పెద్ద కంపెనీ ఇంజినీర్ డ్రాయింగ్ తెస్తే ఈ కొలత తప్పున్నది సార్ అని వాడే చెప్పిండు, తప్పే ఉండె. నేను పాటించేది ఒక్కటే, కొత్త పిలగాన్ని నలుగురి ముంగట తిట్టను. పక్కకు పిలిచి చెప్త. మీ పిల్లల్ల ఎవరికన్న మనసైతే పంపియ్యండి, నేర్సుకున్నన్ని రోజులు గూడ పైసలిస్త.

---

అడ్డగుట్ట వైర్‌మన్:

అందరి మాటలు రెండుసార్లు సదివిన, నిన్న రాత్రి హాల్ల పిల్లలకు గూడ సదివి వినిపించిన. జగద్గిరిగుట్ట చెల్లె, నీ డబ్బా ముచ్చట వినంగనే ఆ 22 రోజుల పిల్ల ఏడ్సింది, నీ నంబర్ అడిగింది, మెసేజ్ పెట్టిన సూడు. నేను ఆమెకు ధైర్యం లేదనుకున్న ఇన్ని రోజులు, మెట్ల మీద కూసొని తిన్నదని నాకు తెల్వనే తెల్వదు.

ఫోన్ల పిలగాని ఇంటికి పోయిన. ఇంటర్వ్యూ మాట ఎత్తలే. నా ఫోన్ తడిసింది, ఛార్జింగ్ ఎక్కుతలేదు అన్న, నిజంగనే తడిసింది. విప్పుకుంట విప్పుకుంట ఏ పార్ట్ ఎందుకు ఖరాబైతది, కోఠి గుజరాతీ గల్లీల ఏ దుకాణంల అసలు దొరుకుతది, ఏది డూప్లికేట్, అన్నీ చెప్పిండు, నలభై నిమిషాలు ఆగలే. వాడు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకున్న. ఇది ఏందన్నా అన్నడు. నీ రెజ్యూమె అన్న. కొద్దిసేపు సూసి, అండ్ల ఒక స్పెల్లింగ్ తప్పుంటే దిద్దిండు.

లేత్ అన్నా, ఐటీఐ పిలగాడు ఒకడు సోమవారం వొస్తడు. మేనేజర్ అన్నా, గురువారం 11 కు ఆరుగురం వొస్తం, ఫోన్ల పిలగాడు గూడ వొస్త అన్నడు. ఎక్కడికి రావాలె, ఎవరిని అడగాలె చెప్పు.

---

ఫ్లోర్ మేనేజర్:

అడ్రస్ మెసేజ్ పెట్టిన అన్నా. ముందు డోర్ నుంచే రండి, నేను ఆడ్నే నిలబడి ఉంట. బూట్లు లేకున్నా ఏం గాదు.