ఒపెరా, గేమ్ కథ... పాడ్‌కాస్ట్‌లో వింటే తెలిసినట్టేనా?

చెరువు కాపలా (భీమవరం దగ్గర):
మా బావకీ నాకూ వారం నుంచి ఒకటే గొడవ. రొయ్యల చెరువు మీద నాది రాత్రి కాపలా. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా చూడాలి, కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి. మిగతా టైమంతా చెవిలో పాడ్‌కాస్టే. ఇప్పటి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, ఒపెరా (పాటలతో నడిచే వాళ్ల నాటకం), వీడియో గేముల కథలు, ఇలాంటివాటి మీద మాట్లాడేవి వింటాను. ఒపెరా హాలు గడప తొక్కింది లేదు, గేము ఆడింది లేదు. "పెళ్లి భోజనం సంగతులు విని తేన్చినట్టుంది నీ యవ్వారం" అంటాడు బావ. వింటే తెలిసినట్టు కాదా? మీరే చెప్పండి.

అమలాపురం గేమర్:
బావగారిదే రైటు, ఏమనుకోకండి. గేములో కథ వినేది కాదు, మన చేత్తో నడిపేది. ఫైనల్ ఫాంటసీ 6 (1994)లో ఒపెరా సీనుంది. సెలెస్ అనే మాజీ సేనాని, గాయని బదులు స్టేజీ ఎక్కాలి. ముందు గదిలో పాట చదివి గుర్తుపెట్టుకోవాలి, స్టేజీ మీద తర్వాతి చరణం ఏదో మనమే ఎంచాలి. తప్పితే మళ్లీ మొదటికి. ఆ టెన్షన్ పాడ్‌కాస్ట్‌లో ఎక్కడుంది? పైగా కథంతా ముందే చెప్పేస్తారు.

హార్మోనియం తాతయ్య (రామచంద్రపురం):
కథ ముందే తెలిస్తే చెడిపోతుందా బాబూ? మా రోజుల్లో రాయబారం నాటకానికి వచ్చినవాళ్లలో, కృష్ణుడు వెళ్లిన పని ఏమైందో తెలియనివాడు ఒక్కడూ లేడు. తెలిసే వచ్చి, పద్యం బాగుంటే వన్స్ మోర్ కొట్టేవాళ్లు.

ఫిలిప్ గ్లాస్ అనే అమెరికా ఆయన 'సత్యాగ్రహ' అని ఒపెరా కట్టాడు. 1980లో రోటర్‌డామ్‌లో మొదటిసారి ఆడారు. గాంధీగారు దక్షిణాఫ్రికాలో ఉన్నప్పటి కథ. పాడేదంతా భగవద్గీతే, అదీ సంస్కృతంలో. మొదటి సీనే కురుక్షేత్రం! ఇదంతా నాకు మనవడి ఫోన్లో పాడ్‌కాస్ట్ వింటేనే తెలిసింది. తర్వాత ఆ సంగీతం పెట్టించుకున్నాను. ఆఖర్న గాంధీ వేషధారి మెట్లెక్కుతున్నట్టు ఒకే స్వరవరుస పదే పదే పాడతాడు, నాలుగో అధ్యాయం శ్లోకాలు. మన ఊళ్లలో గీత వినబడితే ఎవరు పోయారని అడుగుతాం కదా, వంటింట్లోంచి మా ఆవిడ అదే అడిగింది.

అయితే ఒపెరాలో మైకు లేకుండా పాడతారట. ఎదురుగా కూర్చుంటే ఆ గొంతు గుండెకి తగలాలి. అది మాత్రం ఇయర్‌ఫోన్లో రాదు.

రాజమండ్రి వయొలిన్:
అందరూ ఒపెరా మీదే పడ్డారు. ఈ కాలపు సంగీతానికి చెప్పేవాళ్లు కావాలండీ. అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్ కట్టిన 'డిఫరెంట్ ట్రెయిన్స్' (1988) రెండో నిమిషంలో ఆపేశాను, రైలు మోతలా ఉందని. తర్వాత ఒకరు విప్పి చెబితే విన్నాను. రికార్డు చేసిన మనుషుల మాటలు వస్తుంటాయి. మాట ఎక్కడ పెరిగితే తీగ వాద్యం అక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గితే అక్కడ తగ్గుతుంది. చిన్నప్పుడు రైక్ అమెరికాలో ఎక్కిన రైళ్లు, అదే కాలంలో యూరప్‌లో యూదుల్ని చావుకు మోసిన రైళ్లు. తెలిశాక ఆపలేకపోయాను. గంటసేపు మాట్లాడి అర నిమిషం సంగీతం వినిపించే పాడ్‌కాస్టులు మాత్రం నాకు పడవు.

చెరువు కాపలా:
జాన్ కేజ్ అనే అమెరికా స్వరకర్తది ఒకటుంది, 1952 నాటిది. పియానో ముందు కూర్చుని 4 నిమిషాల 33 సెకన్లు ఏమీ వాయించరు. చుట్టూ వినపడేదే సంగీతమట. మొన్న రాత్రి దాని గురించి విని, ఇయర్‌ఫోన్లు తీసేసి కూర్చున్నాను. నాలుగు ఏరేటర్లలో ఒకదాని మోత తేడాగా అనిపించింది. వెళ్లి చూస్తే రెక్కలకి వల ముక్క చుట్టుకుంది. బావకి చెబితే "అది సంగీతం కాదు, డ్యూటీ" అన్నాడు.

ఇంతకీ గేమర్ గారూ, మీరన్న గేము ఫోన్లో ఆడొచ్చా?

అమలాపురం గేమర్:
ఆడొచ్చండీ. 2022లో వచ్చిన కొత్త వెర్షన్‌లో ఆ పాట ఏడు భాషల్లో నిజంగానే పాడించారు, తెలుగు లేదనుకోండి. కరెంటు పోయే టైములో మాత్రం ఆ సీను మొదలెట్టకండి.