నష్టపరిహారం ఆర్డర్ అమలు: కోర్టుకి ఇవ్వాలా, తహసీల్దార్ దగ్గరే ఉంచాలా?

తెల్లకాగితం:
మా బావ 2020 ఆగస్టులో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో పరంజా మీంచి పడి చనిపోయాడు. 35 ఏళ్లు. లేబర్ ఆఫీసులో కమిషనర్ గారు 2022లో అక్కకి అనుకూలంగా ఆర్డర్ ఇచ్చారు. నెల జీతం 15,000, అందులో సగం 7,500, దాన్ని 35 ఏళ్ల వయసుకి చట్టం షెడ్యూల్లో ఉన్న 197.06తో గుణిస్తే 14,77,950 రూపాయలు. పైన 12 శాతం వడ్డీ. బిల్డర్‌కి ఇన్సూరెన్స్ లేదు. డబ్బు కట్టలేదు, అప్పీలుకీ పోలేదు, మాట్లాడకుండా కూర్చున్నాడు.

రికవరీ కోసం రెవెన్యూకి కాగితం వెళ్లింది. అక్క ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. ఒకసారి ఎలక్షన్ డ్యూటీ అన్నారు, ఇంకోసారి ధాన్యం కొనుగోళ్లు అన్నారు. ఆఖరికి "ఆయన పేరు మీద ఆస్తి ఏమీ లేదు" అని రాసి వెనక్కి పంపారు. నేననేది ఏంటంటే, ఈ ఆర్డర్‌ని సివిల్ కోర్టు డిక్రీలాగే ఈపీ (అమలు పిటిషన్) వేసి అమలు చేయించుకునే హక్కు ఉండాలి. జడ్జి ముందు నిలబడితే తెలుస్తుంది వాడికి. మీరేమంటారు?

పాత వకాల్తా:
మీ బాధ అర్థమైంది. కానీ మందు తప్పు చెబుతున్నారు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం సెక్షన్ 19 ఈ బాధ్యతను అమలు చేసే పని సివిల్ కోర్టుకి లేదని తేల్చేసింది. సెక్షన్ 31 కమిషనర్‌కి భూమి శిస్తు బకాయిలా వసూలు చేసే అధికారం ఇచ్చింది. అది కార్మికుడి మేలు కోరి పెట్టిందే. భర్త పోయిన మనిషి ఈపీ వేసి, బ్యాటాలు (నోటీసు ఖర్చులు) కట్టి, వాయిదాలకు తిరగక్కర్లేకుండా సర్కారే వసూలు చేసి పెట్టాలని.

డిక్రీ చేతికొచ్చాకే కక్షిదారు కష్టాలు మొదలవుతాయని 1872లోనే ప్రివీ కౌన్సిల్ అంది. ఈపీలు ఆరు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అలా తేలినవి నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మునసబు మనవడు:
రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను, తిట్లు నాకూ తగిలాయి. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టంలో అధికారాలకేం తక్కువ లేదు. నోటీసు, చరాస్తి జప్తు, స్థిరాస్తి వేలం, అరెస్టు కూడా ఉంది. మాకొచ్చే రికవరీ సర్టిఫికెట్‌లో మాత్రం పేరు, పాత అడ్రస్, బాకీ అంకె, అంతే. ఏ సర్వే నంబరు జప్తు చేయమంటారు? వీఆర్వోని పంపితే ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లు తలుపు తీస్తారు. వివరం ఇచ్చినవి మేం వసూలు చేశాం, కాదనకండి.

నల్లకోటు:
సరిగ్గా అందుకే కోర్టు కావాలని నేనూ అంటున్నా. డబ్బు డిక్రీ 30 రోజుల్లో తీరకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 41 కింద బాకీదారే తన ఆస్తుల అఫిడవిట్ ఇవ్వాలని కోర్టు అడగొచ్చు. ఇవ్వకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు. ఆస్తి ఎక్కడుందో వెతికే పని విధవరాలిది కాకుండా ఎగ్గొట్టినవాడిది అవుతుంది. కమిషనర్‌కి సెక్షన్ 23 ఇచ్చిన కోర్టు అధికారాలు సాక్షులను రప్పించడం, ప్రమాణం చేయించడం, దస్తావేజులు తెప్పించడం దగ్గరే ఆగిపోయాయి.

గోడమీద పిల్లి:
కర్ణాటకలో సీనియర్ సివిల్ జడ్జిలకే కమిషనర్ అధికారాలిచ్చారుగా. ఇక్కడా అలా చేస్తే గొడవ వదిలిపోదా?

పాత వకాల్తా:
జడ్జి కూర్చున్నా ఆ కుర్చీలో ఆయన కమిషనరే. వసూలుకి మళ్లీ సెక్షన్ 31. పిల్లి గారూ, గోడ మీదే ఉండండి.

రూల్ 41 విషయం మాత్రం ఒప్పుకుంటా. అలాంటి అఫిడవిట్ కమిషనర్ దగ్గరే పెట్టాలని నేనూ అంటాను, దానికి కేసు మొత్తం కోర్టుకి తోలక్కర్లేదు. ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పీలుకి వెళ్లే యజమాని ఆర్డర్‌లోని సొమ్ము ముందు డిపాజిట్ చేయాలి, లేకపోతే హైకోర్టు అప్పీలు తీసుకోదు. అంటే పోట్లాడేవాడి డబ్బు ఎలాగూ వచ్చేస్తుంది. దొరకనిది ఇలా నోరు మూసుకు కూర్చున్నవాడిది. 14,77,950 మీద 12 శాతం సాధారణ వడ్డీ అంటే ఏడాదికి 1,77,354. బయట అంత చవగ్గా అప్పు పుడుతుందా ఆయనకి? మీ అక్క డబ్బుతోనే వ్యాపారం చేసుకుంటున్నాడు. తెల్లకాగితం గారూ, సెక్షన్ 4ఏ కింద 50 శాతం దాకా పెనాల్టీ కూడా వేయొచ్చు. అడిగారా?

తెల్లకాగితం:
పెనాల్టీ సంగతి మాకెవరూ చెప్పలేదండీ. ఆస్తి లేదన్నది కూడా నిజం కాదు. ఆ సైటు వెనకున్న ప్లాటు ఆయనదే. 2021లో భార్య పేరు మీద గిఫ్ట్ డీడ్ రాశాడని మేస్త్రీ చెప్పాడు. ఇక అదీ పోయినట్టేగా?

పాత వకాల్తా:
పోలేదు! ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. సెక్షన్ 14ఏ చదవండి. బాధ్యత ఏర్పడిన తర్వాత, పరిహారం కట్టకముందు యజమాని ఆస్తి బదిలీ చేస్తే, అందులో ఉన్న స్థిరాస్తి మీద ఈ బాకీయే మొదటి చార్జి, అంటే ఆ ఆస్తి లోంచి ముందు తీరాల్సింది ఇదే. బాధ్యత ఆర్డర్ రోజున పుట్టలేదు, ప్రమాదం రోజునే పుట్టింది. 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. ప్రమాదం 2020, గిఫ్ట్ 2021. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది గానీ మీ ప్రమాదం, ఆర్డర్ రెండూ పాత చట్టం నాటివే.

మునసబు మనవడు:
చార్జి ఉందని కాగితం మీద లేకుండా భార్య పేరున ఉన్న ప్లాటుని ఏ తహసీల్దారూ జప్తు చేయడు. నేనైనా చేసేవాణ్ణి కాదు. రేపు ఆవిడ కేసు వేస్తే ఎవరు తిరుగుతారు?

పాత వకాల్తా:
అందుకే డాక్యుమెంట్ నంబరుతో కమిషనర్‌కి పిటిషన్ పెట్టి, ఆస్తి షెడ్యూలు, 14ఏ రెండూ రాసిన కొత్త సర్టిఫికెట్ అడగాలి. అదీ కదలకపోతే హైకోర్టులో రిట్ వేసి, ఇన్ని వారాల్లో వసూలు చేయమని కలెక్టర్‌కి ఆదేశం తెచ్చుకోవాలి.

నల్లకోటు:
అంటే చివరికి కోర్టుకే పంపారు.

పాత వకాల్తా:
పంపాను. నవ్వుకోండి.

తెల్లకాగితం:
ఆ గిఫ్ట్ డీడ్ నంబరు మా దగ్గర లేదు. సర్వే నంబరూ తెలీదు. ఆయన పేరు ఒక్కటే తెలుసు.

మునసబు మనవడు:
చాలు. ప్లాటు ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉందో అక్కడికి వెళ్లి ఫీజు కట్టి ఇండెక్స్ 1 చూస్తామని అడగండి. అది పేర్ల మీద ఉంటుంది, రాసినవాళ్లు, రాయించుకున్నవాళ్లు. ఆయన పేరుతో 2020 ఆగస్టు నుంచి చూడండి. ఒక్క ప్లాటు దగ్గర ఆగకండి.