కర్ణాట కిరాటా? కిరాతా?

పుస్తకాల పురుగు: నిన్న హన్మకొండలో నా అభిమాన కథకుడి సభకు వెళ్లాను. పేరు చెప్పను, చెబితే చర్చ ఆయన మీదికి మళ్లుతుంది. ‘కొత్త సంపుటి ఎవరికీ అంకితం ఇవ్వలేదేం?’ అని ఎవరో అడిగితే, పోతన చాటువు ఎత్తుకున్నారు, కావ్యాన్ని రాజులకు అమ్మనని ఏడుస్తున్న సరస్వతికి మాటిచ్చే ఆ విడి పద్యం. ‘హాటకగర్భురాణి! నిను నాఁకటికిం గొనిపోయి యల్ల కర్ణాట...’ దాకా బాగానే వినిపించింది. సరిగ్గా అక్కడ మైకు కీచుమంది. తర్వాతి మాట కిరాటా, కిరాతా? వెనక వరసలోంచి ఒకావిడ ‘కిరాత’ అని అందించారు. ఆయన తల నిలువుగా ఊపారో అడ్డంగా ఊపారో నేను కూర్చున్న చోటికి తెలియలేదు.

గురులఘువు: కిరాట. ఇందులో అడగడానికేముంది? పద్యం మొత్తం చూడండి: ‘కాటుక కంటినీరు చనుకట్టుపయిం బడ నేల యేడ్చెదో కైటభదైత్యమర్దనుని గాదిలి కోడల! యో మదంబ! యో హాటకగర్భురాణి! నిను నాఁకటికిం గొనిపోయి యల్ల కర్ణాట కిరాట కీచకుల కమ్మ త్రిశుద్ధిగ నమ్ము భారతీ!’ కాటుక, కైటభ, హాటక, ర్ణాట... పద్యమంతా టకారం మీదే నడుస్తోంది.

పాతచింత: ప్రాస రెండో అక్షరానికే కదండీ. ‘ర్ణాట’తో నాలుగో పాదానికి ప్రాస తీరిపోయింది. ‘కిరాత’ అన్నా గణం చెడదు, యతి (పాదం మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) చెడదు. ఛందస్సు ఇక్కడ సాక్ష్యానికి రాదు. మా నాన్నగారు ‘కిరాత’ అనే చదివేవారు.

గురులఘువు: మీ నాన్నగారి మీద గౌరవంతోనే అంటున్నాను, అర్థం చూడండి. కిరాటుడంటే వర్తకుడు. అమ్మకం మాట వచ్చే పాదంలో వర్తకుడు ఉంటాడా, వేటగాడు ఉంటాడా?

పాతచింత: వర్తకుడికి కవిత్వం అమ్మడమేమిటి? కొనేవాడు రాజు. ఆ రాజుని తిట్టాలి. పక్కన కీచకుడున్నాడు, అంటే ఆడకూతురి మీద చెయ్యేసేవాడు. అడవిలో పట్టుకుపోయే కిరాతుడు ఆ పక్కన చక్కగా సరిపోతాడు.

గురులఘువు: రాజును వర్తకుడనడమే అసలు తిట్టు మాస్టారూ.

ఓరుగల్లు పోరడు: మంచి మాట అన్నా.

రెండు జడల సీత: నాకు కిరాటంతో పేచీ లేదు. దాని తర్వాత వచ్చే ‘కమ్మ’ సంగతేమిటి? స్కూల్లో మా టీచర్ ‘కీచకులకు, అమ్మా!’ అని సరస్వతిని పిలిచినట్టు చెప్పారు.

గురులఘువు: అలా అయితే వాక్యానికి క్రియ ఏది? నిన్ను కొనిపోయి, కీచకులకు... ఏం చేస్తాడు? అది ‘అమ్మను’ అనే వ్యతిరేక క్రియ. నేను అమ్మ, త్రిశుద్ధిగా, అంటే మనసా వాచా కర్మణా, నమ్ము. అదీ పద్యం.

రెండు జడల సీత: రెండూ వినిపించాలనే కవి అలా పెట్టాడేమో. అమ్మా అని పిలుస్తూనే అమ్మను అంటున్నాడు.

పాతచింత: పిలుపు రెండో పాదంలోనే ‘మదంబ’తో అయిపోయిందమ్మా. చివర ‘భారతీ’ ఉండనే ఉంది. మధ్యలో మూడోసారి దేనికి?

రెండు జడల సీత: కన్నీళ్లు పెట్టుకున్న తల్లిని ఎన్నిసార్లయినా పిలుస్తాం సార్.

గురులఘువు: దీనికి వ్యాకరణంలో జవాబు లేదు.

ఉత్పలమాలి: ఇంతమంది మాట్లాడారు, యతి ఎవరూ అడగలేదు. నాలుగో పాదం ‘ర్ణా’తో మొదలైంది, పదో అక్షరం ‘కమ్మ’లో క. ఎలా కుదిరింది?

గురులఘువు: స్వరయతి, అంటే అచ్చుకు అచ్చు కుదరడం. కర్ణ + అట అని సంధి విడదీసి అక్కడి అకారం, అమ్మలో అకారం.

ఉత్పలమాలి: ‘కరు నాడు’ సంస్కృతంలోకి పోయి కర్ణాట అయిందంటారు. అప్పుడు మీ సంధి ఎక్కడిది?

గురులఘువు: మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో యతికి అనవసరం. కవి ఎలా విడదీసుకున్నాడన్నదే లెక్క.

కడప కారం: అసలు సంగతి వదిలేసి అకారాలు లెక్కబెడతాండారు. భాగవతం అంకితం అడిగితే పోతన కాదన్నది రాచకొండ రాజు సర్వజ్ఞ సింగభూపాలుణ్ణని కదా కథ. మరి పద్యంలో కర్ణాట రాజులెందుకొచ్చిరి? కర్ణాట రాజులంటే విజయనగరం వాళ్లు, మా ఒంటిమిట్ట వాళ్ల ఏలుబడిలోది గనక. పోతన మావాడు. కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, పోతన చెప్పిన ఏకశిలానగరం అదే.

ఓరుగల్లు పోరడు: వచ్చిండు. ఇంకా రాలేదేందని చూస్తున్న. ఏకశిల అంటే ఓరుగల్లు. ‘బమ్మెర పోతరాజొకఁడు’ అని భాగవతంల ఆయనే చెప్పుకున్నడు. బమ్మెర మా జనగామ జిల్లాల ఉన్నది, పోయి చూసి రా.

కడప కారం: అది ఇంటిపేరు తమ్ముడూ. ఇంటిపేరున్న ఊర్లోనే పుట్టాల్నంటే సగం మంది అడ్రస్ మార్చుకోవాల.

పాతచింత: కర్ణాట అనగానే నాకు శ్రీనాథుడే కనబడతాడు. విజయనగర రాజు ప్రౌఢదేవరాయల కొలువులో పనికోసం ఎన్ని పాట్లు! ‘కుల్లాయుంచితిఁ గోక సుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్’. నెత్తిన టోపీ, ఒంటిమీద పొడుగు చొక్కా, వెల్లుల్లి, నువ్వుపిండి, అంబలి. ఆఖరికి ‘తల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి! దయలేదా? నేను శ్రీనాథుఁడన్’. ఆ ‘నేను శ్రీనాథుఁడన్’లో ఉన్న పొగరు చూడండి, బతిమాలుతూ కూడా తగ్గలేదు. నన్నడిగితే కాటుక కంటినీరు కన్నా ఇదే గొప్ప పద్యం.

ఉత్పలమాలి: పోతననీ శ్రీనాథుడినీ బావాబావమరుదుల్ని చేసిన కథను కూడా ఇప్పుడు చెప్పేస్తారా?

పాతచింత: కథ కట్టినవాడికి తెలుసు. ఇద్దరూ ఒకే గుమ్మం చూశారు, ఒకడు లోపలికి వెళ్లాడు, ఒకడు వెళ్లలేదు.

గురులఘువు: వెళ్లలేదనడానికి ఈ చాటువు ఆధారం కాదు. ఇది భాగవతంలో లేదు, పోతనదని లోకం చెప్పుకుంటోంది. భాగవతంలో ఉన్నది ‘ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్ సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని...’. అందులో కర్ణాటా లేదు, కిరాటా లేదు. మనుజేశ్వరాధములని, అంటే నీచ రాజులని, అందర్నీ ఒకే గాటన కట్టేశాడు.

చిల్లర శ్రీమహాలక్ష్మి: చిన్న సందేహం. నేనూ ఆ సభలోనే ఉన్నా. త్రిశుద్ధిగా అమ్మనన్న పద్యం చదివి, అయిపోగానే గుమ్మం పక్క బల్ల దగ్గర నిలబడి సంతకాలు పెడుతూ పుస్తకాలు అమ్మారు. డిస్కౌంట్ పోను నూట యాభై. ఫోన్‌పే పని చేయలేదు, చిల్లర కోసం అందరూ తడుముకున్నాం.

పుస్తకాల పురుగు: అమ్మితే తప్పేముందండీ? అచ్చు ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. పాఠకుడికి అమ్మడం వేరు, అంకితం అమ్మడం వేరు.

గురులఘువు: అయితే మనమే కిరాటులమన్నమాట.

రెండు జడల సీత: కొన్నవాడు కిరాటుడు ఎలా అవుతాడు? అమ్మేవాడే కదా వర్తకుడు? మీ అర్థం మీకే అడ్డం తిరిగింది సార్.

పాతచింత: నేను మొదట్నుంచీ అదే చెబుతున్నా. కిరాత.

గురులఘువు: వర్తకుడు మళ్లీ అమ్ముకోవడానికే కొంటాడమ్మా. తెల్లారాక వివరంగా రాస్తాను.

కడప కారం: రాయండి, రాయండి. అందరూ శ్రీరామనవమికి ఒంటిమిట్టకు రాండి, భోజనాలు నేను చూసుకుంటా. ఏకశిల మాత్రం వదల.

ఓరుగల్లు పోరడు: భోజనానికి వస్త. పోతన్నను ఇయ్య.